బిలాస్‌పూర్‌లో బండికి చలికాలం మే నెలలో వస్తుంది

జర్మనీలో కొన్ని మోటార్‌సైకిళ్ల నంబర్ ప్లేటు మీద కుడి చివర రెండు సంఖ్యలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పైన 03, కింద 10 అని ఉంటే, మార్చి మొదటి తారీఖు నుంచి అక్టోబర్ ఆఖరి దాకా ఆ బండికి రోడ్డు మీద హక్కుందని అర్థం. నవంబర్ వచ్చిందా, దాన్ని నడపకూడదు సరికదా, ఇంటి ముందు వీధిలో నిలబెట్టినా తప్పే. సొంత గ్యారేజీలోకి తోసేసుకోవాలి. ఆ నాలుగు నెలలకీ పన్ను పడదు, బీమా ఖర్చూ తగ్గుతుంది. 1997 నుంచీ ఈ పద్ధతి ఉంది. బ్రిటన్ వాళ్లది ఇంకో దారి: 1998 నుంచి అక్కడ బండిని వాడకుండా పక్కన పెట్టేవాళ్లు ఆ సంగతి సర్కారుకి రాసివ్వాలి. రాసిచ్చాక బండి మళ్లీ రోడ్డెక్కే దాకా పన్ను కట్టనక్కర్లేదు.

అంటే బండి ఊరికే నిలబడి ఉండే కాలం కూడా ఒకటుందని చట్టమే ఒప్పుకున్న దేశాలవి. అందుకే అక్కడ బండిని నిద్రపుచ్చడం ఒక పద్ధతిగా స్థిరపడింది. అక్టోబర్ చివర్లో కడిగి ఆరబెడతారు. ఇంజిన్ ఆయిల్ మారుస్తారు. టాంకు నిండా పెట్రోలు పోసి, అది చెడిపోకుండా ఉంచే ద్రావకం కొంచెం కలుపుతారు. బ్యాటరీని సన్నని ధారగా కరెంటు ఇచ్చే చార్జరుకి తగిలిస్తారు. చైనుకి నూనె పెడతారు, సైలెన్సర్ మూతికి గుడ్డ కుక్కుతారు, పైన కవరు కప్పి మార్చి దాకా ఇక ముట్టుకోరు. టొరంటోలోనో మినియాపొలిస్‌లోనో ఉద్యోగం చేస్తూ సరదాకి బైకు కొనుక్కున్న మన పిల్లలు కూడా మొదటి ఏడాదే ఇది నేర్చుకుంటారు. నేర్చుకుని ఊరుకోరు, ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్‌లో ఉన్న తండ్రికి ఫోన్లో చెబుతారు: ‘నాన్నా, నువ్వు కూడా బండిని అలాగే పెట్టు.’

ఇక్కడ కాస్త ఆగాలి.

బిలాస్‌పూర్‌లో డిసెంబర్, జనవరి బండికి పండగ నెలలు. తెల్లారగట్ల పది డిగ్రీల దగ్గర చలి ఉన్నా, ఎండెక్కాక రతన్‌పూర్ మహామాయ గుడికో, ఓపిక ఉంటే అమర్‌కంటక్ ఘాట్ రోడ్డుకో పోవడానికి అంతకన్నా మంచి కాలం లేదు. బండి అసలు మూలపడేది వేసవిలో. పిల్లల పరీక్షలయ్యాయి, బడికి సెలవులిచ్చారు, రైల్వే పాస్ రాయించుకున్నారు, రిజర్వేషన్ దొరికింది, క్వార్టర్‌కి తాళం పడింది.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఈ ప్రయాణం తాతల నాటి అలవాటు. 1887లో ఏర్పడ్డ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా పెద్ద లైను వేసింది. అదే కంపెనీ 1930ల మొదట్లో విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి కొండల్లోంచి దారి తెరిచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి గ్యాంగుల్లోకీ షెడ్లలోకీ ఆఫీసుల్లోకీ వచ్చిన మనుషులు ఆ లైను వెంట ఊరూరా స్థిరపడ్డారు. ఇప్పుడు బిలాస్‌పూర్ దక్షిణ తూర్పు మధ్య రైల్వేకి ముఖ్య కేంద్రం, 2003 నుంచి. బుధ్‌వారీ బజార్‌లో కూరలు బేరమాడేటప్పుడు హిందీ, ఛత్తీస్‌గఢీ, ఒడియాతో పాటు ఉత్తరాంధ్ర తెలుగు ఇప్పటికీ చెవిన పడుతుంది. మే నెలలో కోర్బా నుంచి విశాఖ వెళ్లే లింక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బోగీలో సగం మాటలు ఆ యాసలోనే. ఆ మాటలన్నిటి వెనకా తాళం పడ్డ క్వార్టర్ల వరండాల్లో బళ్లు నిలబడి ఉంటాయి. నెలన్నరకి తిరిగొచ్చేసరికి నాలుగు చినుకులు కూడా పడి ఉంటాయి. ఎండతో మొదలై వానతో ముగిసే ఆ నెలన్నరే ఇక్కడి బండికి చలికాలం.

కాబట్టి చలిదేశం చిట్టాని ఉన్నదున్నట్టు ఎత్తుకొస్తే కొన్ని పనులు అనవసరం, కొన్ని తలకిందులు. వాళ్లు చేసేదాన్ని కాక, ఎందుకు చేస్తున్నారో దాన్ని తెచ్చుకోవాలి.

బ్యాటరీ చూడండి. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని అందరూ అనుకుంటారు. కానీ పూర్తి చార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 50 డిగ్రీలకి కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిపోయిన బ్యాటరీ అయితే మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. వాళ్లు చార్జర్ తగిలించేది అది ఖాళీ కాకుండా ఉండటానికి. నిజానికి నిలవ ఉండటం వరకే చూస్తే చలి బ్యాటరీకి మేలే చేస్తుంది. లెడ్ ఆసిడ్ బ్యాటరీ ఏ పనీ చేయకుండా తనంతట తాను కారిపోయే వేగం, వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఇంచుమించు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర నెలకి 3 శాతం పోయే సీల్డు బ్యాటరీ, 45 దగ్గర 12 శాతం పోగొట్టుకుంటుంది. అయిదు డిగ్రీల జర్మన్ గ్యారేజీతో పోలిస్తే 35 డిగ్రీల్లో ఉన్న మూసిన గదిలో ఎనిమిది రెట్లు వేగం. బిలాస్‌పూర్ మే నెలలో మధ్యాహ్నాలు 45 డిగ్రీల్ని ముట్టుకోవడం కొత్త కాదు, రేకు షెడ్డు కింద ఇంకా ఎక్కువ. దానికి తోడు కొత్త బళ్లలో గడియారం, ఇంజిన్ కంప్యూటరు, ఎవరైనా పెట్టించుకున్న అలారం, ఇవన్నీ తాళం తీసేశాక కూడా చుక్కచుక్కగా తాగుతూనే ఉంటాయి.

అందుచేత ఇక్కడ చేయాల్సింది: ఊరెళ్లే ముందు పూర్తిగా చార్జి పెట్టించి, ముందు నెగెటివ్ వైరు, తర్వాత పాజిటివ్ ఊడదీసి, బ్యాటరీని ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో నేల మీద పెట్టడం. నెగెటివ్ ముందు ఎందుకంటే, పాజిటివ్ విప్పుతుండగా పానా చట్రానికి తగిలినా నిప్పురవ్వ రాదు. నెలన్నరకి ఇది చాలు. మూడు నెలలు పిల్లల దగ్గరికి బెంగళూరో హైదరాబాదో వెళ్లే రిటైరైన వాళ్లయితే మధ్యలో ఒకసారి ఎవరిచేతనైనా చార్జి పెట్టించాలి. వాళ్లలాగా చార్జర్ తగిలించి వదిలేయొచ్చు కదా అంటే, తాళం వేసిన ఇంట్లో, మండే ఎండల్లో, కరెంటు పోతూ వస్తూ ఉండగా నేనైతే ఏ చార్జరునీ గోడకి వదిలి వెళ్లను.

బ్యాటరీ చచ్చిపోతే కిక్ కొడదాం అనే ధీమా కూడా ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని బళ్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చాలా మోడళ్లలో కిక్ రాడ్డే తీసేశారు. పెట్రోలు పంపు తిరగాలన్నా కరెంటే కావాలి. తోసి స్టార్ట్ చేద్దామన్నా బ్యాటరీలో ఎంతో కొంత ప్రాణం ఉండాలి.

పెట్రోలు సంగతి ఇంకా చిక్కు. టాంకు నిండుగా ఉంచమని వాళ్లు చెప్పేది ఖాళీ జాగాలో గాలి ఉంటుందని, ఆ గాలిలోని తేమ రాత్రి చలికి టాంకు గోడల మీద చెమ్మగా దిగి తుప్పు పట్టిస్తుందని. కారణం మనకీ వర్తిస్తుంది, ముఖ్యంగా జూన్ తర్వాత. మన దగ్గర 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మొదలుపెట్టి, 2025 కల్లా దాన్నే దేశమంతా సాధారణ పెట్రోలుగా చేశారు. ఇథనాల్ గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. కొంత దాకా ఆ నీటిని తనలో కరిగించుకుని ఉంటుంది, అది దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి టాంకు అడుక్కి దిగుతాయి. పెట్రోలు పంపు లాగేది అడుగు నుంచే. కాబట్టి పావు టాంకుతో వదిలి వెళ్లడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి, మన వాళ్లు ఎక్కువగా చేసేది కూడా అదే. ‘వచ్చాక కొట్టిద్దాం, ఎవడైనా తీసుకుపోతాడు’ అనే భయం దాని వెనక ఉంది. ఆ భయం నిరాధారం అనను. టాంకు మూతకి తాళం ఉన్నా పైపుకి ఉండదు కదా.

కానీ అంచు దాకా నింపడం మాత్రం చలిదేశానికే పరిమితం. అక్కడ అక్టోబర్‌లో నింపాక వేడి తగ్గుతూ పోతుంది, పెట్రోలు ముడుచుకుంటుంది. ఇక్కడ పొద్దున్నే బంకులో నింపితే మధ్యాహ్నానికి అది ఉబ్బుతుంది. డిగ్రీకి వెయ్యింట ఇంచుమించు ఒక వంతు లెక్కన, 12 లీటర్ల టాంకు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు పావు లీటరు ఎక్కువవుతుంది. మూత దగ్గర రెండు మూడు వేళ్ల జాగా వదలాలి. ఇక పెట్రోలులో తేలికపాటి అంశాలు ఆవిరై, మిగిలింది గాలితో కలిసి బంకగా మారే పని వేడిలో తొందరగా జరుగుతుంది. పాత కార్బురేటర్ బండి ఉన్నవాళ్లు పెట్రోలు కాక్ మూసి, ఇంజిన్ దానంతటదే ఆగే దాకా నడిపితే, గిన్నెలో బంక పట్టే బాధ తప్పుతుంది. మెకానిక్ దగ్గర జెట్ శుభ్రం చేయించే ఖర్చు ఒక్క నిమిషంలో మిగులుతుంది. ఇంజెక్షన్ బండికి ఆ అవకాశం లేదు. రెండు నెలలు దాటేటట్టయితే ఆ నిలవ ద్రావకం కలిపి పది కిలోమీటర్లు తిప్పి పెట్టాలి. నెలన్నరకి తాజా పెట్రోలు నిండుగా ఉంటే అదీ అక్కర్లేదని నా ఉద్దేశం.

ఇప్పుడు కాలనీలో అందరూ నమ్మే ఒక మాట. ‘మరేటీ సెయ్యక్కర్లేదు బాబూ, వారానికోపాలి స్టార్టు సేసి అయిదు నిమిషాలుంచి ఆపేస్తే సాలు.’ తాళం పక్కింటి వాళ్లకిచ్చి వెళ్తారు. వాళ్లు పాపం ప్రతి ఆదివారం గుర్తుపెట్టుకుని, వరండాలోనే బండి స్టార్ట్ చేసి, గుర్రు గుర్రుమనిపించి ఆపుతారు. ఇంత నిష్ఠగా బండికి చేసే కీడు ఇంకోటి లేదు.

ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా తయారవుతాయి. ఇంజినూ సైలెన్సరూ పూర్తిగా వేడెక్కి ఉంటే అది బయటికి పోతుంది. అయిదు నిమిషాల్లో సైలెన్సర్ చివరి దాకా వేడెక్కదు. ఆవిరి లోపలే నీరుగా దిగుతుంది, కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్లోకి కూడా చేరుతుంది. వారం తర్వాత మళ్లీ అంతే. స్టార్టర్ మోటారు లాగిన కరెంటుని అయిదు నిమిషాల ఐడిలింగ్ తిరిగి నింపదు. కాబట్టి బ్యాటరీ వారం వారం ఇంకాస్త దిగుతుంది. చలిదేశాల పాత మెకానిక్కులు ఈ ఒక్క విషయంలో చాలా గట్టిగా ఉంటారు: నడిపితే సరిగా నడుపు, లేకపోతే ముట్టుకోకు.

ఐడిలింగ్ ఉచితం కాదని రైల్వే వాళ్లకి ఒకరు చెప్పాలా? మన పాత డీజిల్ ఇంజిన్లు సిగ్నల్ దగ్గర ఎంతసేపు నిలబడ్డా ఆపేవారు కాదు, ఆపితే మళ్లీ లేపడం కష్టమని. అలా ఊరికే తిరుగుతున్న పెద్ద ఇంజిన్ గంటకి 25 లీటర్ల దాకా డీజిల్ తాగేది. చివరికి రైల్వే ఒక చిన్న సహాయక ఇంజిన్ అమర్చడం మొదలుపెట్టింది. పెద్దది ఆగిపోతుంది, చిన్నది గంటకి మూడు లీటర్లతో బ్యాటరీల్నీ బ్రేకుల గాలినీ నిలబెడుతుంది. ఆ లెక్క తెలిసిన మనిషే ఇంటికొచ్చి వరండాలో హీరోనో హోండానో అయిదు నిమిషాలు గుర్రుమనిపిస్తాడు!

అయితే ఈ పక్కింటి ఏర్పాటులో జర్మనీకి లేని ఒక సౌకర్యం దాగుంది. అక్కడ నవంబర్‌లో చాలా బళ్లు ఒక్కసారే పడుకుంటాయి, నడిపేవాడు దొరకడు, ఆ నెలల ప్లేటున్న బండికి చట్టమూ ఒప్పుకోదు. ఇక్కడ అందరికీ ఒకేసారి లీవు దొరకదు. రన్నింగ్ స్టాఫ్‌కి అసలు దొరకదు. ఎదురింటి తమ్ముడు డ్యూటీకి వెళ్లడానికి పది రోజులకొకసారి ఆ బండి మీద వెళ్లి వస్తే, అటు పది ఇటు పది కిలోమీటర్లు నిజంగా నడిపితే, పైన చెప్పిన బ్యాటరీ, పెట్రోలు గొడవల్లో సగం అక్కర్లేదు. అతనికి లైసెన్సు ఉండాలి, బండికి బీమా నడుస్తూ ఉండాలి. 2018 సెప్టెంబర్ తర్వాత కొత్తగా కొన్న ద్విచక్ర వాహనాలకి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు కాబట్టి చాలామందికి గడువు గుర్తే ఉండదు, ఆ అయిదేళ్లు దాటిపోయినా సరే. తాళం ఇచ్చే ముందు ఆ కాగితం ఒకసారి తీసి చూడటం మంచిది.

కడగడం గురించి ఎక్కువ చెప్పను. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది ఇనుమునీ అల్యూమినియాన్నీ తినేస్తుంది, అందుకని కడుగుతారు. బిలాస్‌పూర్‌లో ఉప్పు లేదు, బొగ్గు పొడి ఉంది. కోర్బా గనుల నుంచి వచ్చే గూడ్సులు రాత్రీ పగలూ ఊరి మధ్య నుంచి పోతాయి. ఆ పొడి ఉప్పులా తినదు గానీ తేమని పట్టి ఉంచుతుంది. చైను నూనెతో కలిసి ఇసక కాగితంలా అరగదీస్తుంది. చైనుని ముందు కిరోసిన్ గుడ్డతో తుడిచి ఆ తర్వాత నూనె పెట్టాలి. మురికి మీదే నూనె పోస్తే పోయనట్టే. బదిలీ మీద వాల్తేరు వెళ్లినవాళ్లకి మాత్రం జర్మన్ల ఉప్పు బాధ నేరుగా తగులుతుంది, సముద్రపు గాలి రూపంలో.

కవరు విషయంలో మళ్లీ తలకిందులే. వాళ్ల గ్యారేజీ పొడిగా ఉంటుంది. మన వరండాలో జూన్ వానలకి ప్లాస్టిక్ కవరు కింద చెమ్మ చిక్కుకుపోయి, విప్పేసరికి సీటు మీద బూజు, చక్రాల చువ్వల మీద తుప్పు. పాత దుప్పటి నయం, దుమ్మునాపుతుంది, గాలి ఆడనిస్తుంది. నీడ మాత్రం తప్పనిసరి. టైర్ల పగుళ్లు ఎండ వల్ల. సెంటర్ స్టాండ్ మీద నిలబెడితే టైరు ఒకేచోట నొక్కుకుపోదు. నెలన్నరకి అంతకన్నా చేయక్కర్లేదు.

సైలెన్సర్ మూయడం మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోదగ్గది. అక్కడ ఎలుకలు దూరతాయని మూస్తారు. ఇక్కడ ఎలుకలకి తోడు కుమ్మరి కందిరీగ ఉంది. ఏ గొట్టం దొరికినా మట్టి తెచ్చి గూడు కడుతుంది. ఆవిరి ఇంజిన్ల రోజుల్లో ఇంగ్లండులో వేసవి రద్దీ అయిపోయాక, మిగిలిపోయిన ఇంజిన్లని చలికాలమంతా పక్కన పెట్టేటప్పుడు పొగగొట్టాలకి గోనె కట్టేవారు, రాడ్లకి గ్రీజు పూసేవారు. వాననీరు లోపలి మసితో కలిస్తే ఇనుమునే తింటుందని వాళ్లకి తెలుసు. బండి సైలెన్సర్‌కి కూడా చిన్న గుడ్డ ఉండ చాలు. ఒక కొస బయటికి వేలాడేలా ఎర్ర గుడ్డ వాడండి. బోగీ కింద మనిషి ఉన్నాడని పిట్ లైనులో ఎర్ర జెండా పెట్టే ఊరు కదా, ఎర్రది చూస్తే ఎవరైనా ఆగి ఆలోచిస్తారు.

బదిలీ వచ్చిన వాళ్లది ఇంకో రకం నిలవ. బండిని రైల్లో వేయాలంటే పార్సిల్ ఆఫీసులో ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు, గోనె కట్టిన బండి, చుక్క లేకుండా ఖాళీ చేసిన టాంకు. పెట్రోలుతో ఎక్కించడం రైల్వే చట్టం 1989లోని 164వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఆ విషయంలో గుమాస్తా పట్టుబట్టడం న్యాయమే. కానీ బదిలీలు ఎక్కువగా వేసవిలో వస్తాయి. బండి ఎస్‌ఎల్‌ఆర్ అనే సామాను బోగీలో చోటు దొరికే దాకా ఒకచోట, దిగాక ఇంకోచోట, వాన మొదలయ్యే రోజుల్లో ఖాళీ టాంకుతో నిలబడుతుంది. ఏ చలిదేశపు పుస్తకమైనా వద్దనేది సరిగ్గా ఇదే. తప్పించుకోలేం గానీ తగ్గించుకోవచ్చు: టాంకు ఖాళీ చేశాక మూత ఒక గంట తెరిచి లోపల పూర్తిగా ఆరనివ్వడం, గోనె చుట్టే ముందే నెగెటివ్ వైరు ఊడదీసి చివర టేపు చుట్టడం, దిగిన రోజునే ఇంటికి తోసుకెళ్లకుండా ఆ ఊళ్లోనే తెప్పించుకున్న కొంచెం పెట్రోలుతో బంకు దాకా వెళ్లి నిండా కొట్టించడం.

ఇదంతా ఎంత అవసరమో 2020లో దేశం మొత్తానికి ఒకేసారి తెలిసింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఎండాకాలం మొదట్లోనే, ఎవరూ సిద్ధం చేయకుండానే కోట్ల బళ్లు నిలిచిపోయాయి. బండ్ల కంపెనీలు అప్పుడు హడావుడిగా సూచనలు పంపాయి. తెరిచాక బ్యాటరీ దుకాణాల ముందు జనం నిలబడ్డారు. బిలాస్‌పూర్‌లో బొగ్గు గూడ్సులు ఆగలేదు కాబట్టి డ్యూటీలున్న వాళ్ల బళ్లు నడిచాయి, ఇంట్లో ఉన్నవాళ్లవి పడుకున్నాయి. ఒకే కాలనీలో, ఒకే ఎండలో.

ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు తొందరపడి బటన్ నొక్కకూడదు. ముందు ఎర్ర గుడ్డ లాగేయాలి. బ్యాటరీ పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ తర్వాత. మీటరు ఉంటే 12.4 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే స్టార్ట్ చేయకుండా చార్జికి పంపాలి. సీటు కింద వైర్లు ఎలుక కొరికిందేమో చూడాలి. గాలి కొట్టించే ముందే బండిని వరండాలో తోసి రెండు బ్రేకులూ చూసుకోవాలి, డ్రమ్ములోపల తుప్పు పట్టి అతుక్కుంటే అక్కడే తెలిసిపోతుంది. ఇవన్నీ అయ్యాక ఊళ్లోనే ఉన్న తోర్వా దాకా వెళ్లి వెనక్కి వస్తే చాలదు, ఇంజిన్ బాగా కాగే దాకా ఒక పది పదిహేను కిలోమీటర్లు తిప్పాలి. రతన్‌పూర్ రోడ్డు దానికి సరిపోతుంది.